హార్‌బెక్ లెక్క

పొద్దంతా బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే వేళ్ళే కదా అని
ఎన్నికల రాత్రి మమ్మల్ని టౌన్‌హాలుకి పిలిచేవాళ్ళు.
చూపుడువేలికి రబ్బరు తొడుగు,
ఎదురుగా పొడుగాటి బల్ల, వెనక ఒక పోలీసు,
టీ కప్పు బల్ల మీద పెట్టరాదని గోడకో కాగితం.
పది ఎన్నికలు, ఒక ఉపఎన్నిక.
హార్‌బెక్ నియోజకవర్గం ఆఖరి ముప్ఫై ఏళ్ళూ
నా బొటనవేలి కిందనుంచే జారిపోయాయి.

లైబ్రరీ అటక మీద పాత పోల్‌బుక్కు ఒకటి ఉంది.
పద్దెనిమిది వందల అరవై ఎనిమిది. అప్పటికింకా చాటు లేదు.
మెట్లెక్కి, గొంతెత్తి, ఫలానా ఆయనకి నా ఓటు అనాలి.
గుమాస్తా రాసుకుంటాడు. జనం వింటారు.
అద్దె వసూలు చేసేవాడూ వింటాడు.
ఈనాక్ థ్రాప్, చెప్పులు కుట్టేవాడు, సిండర్ లేన్.
మా ముత్తాత. పేరుకెదురుగా పసుపు గడిలో ఒక్క గీత.
వీధి వీధంతా మిల్లు యజమానిది.
మిల్లు యజమాని నీలం.
నవంబరులో ఓటు, క్రిస్మస్‌కి ఇల్లు ఖాళీ.
ఆరె, సుత్తి, కొయ్యపాదాలు తోపుడుబండిలో వేసుకుని
మంచులో పడి వెళ్ళాడట.
పసుపు మనిషి తొమ్మిది ఓట్లతో ఓడాడు.
ఆ తొమ్మిదిలో తన బాకీ ఏమీ లేదని
పోయేదాకా చెప్పుకునేవాడట.

ఆయన కూతురు టిర్జా, మా అమ్మమ్మ,
పందొమ్మిది వందల పద్దెనిమిది డిసెంబరులో
చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని బయల్దేరింది.
తెర వెనక, దారం కట్టిన పెన్సిలుతో
ఎవరి పక్కన గుర్తు వేసిందో తాతకి చెప్పలేదు.
ఆయన మూడు రోజులు అడిగి నాలుగో రోజు అలిగాడు.
"మా నాన్న చెప్పినందుకు ఇల్లు పోయింది.
నేను చెప్పకపోతే నీ టీ చల్లారుతుందా?" అందట.
సమాధి రాతి మీద కూడా
పుట్టిన ఏడూ పోయిన ఏడూ తప్ప ఇంకేం లేదు.

యాభై ఒకటిలో పదకొండు ఓట్ల తేడా.
మూడుసార్లు లెక్కపెట్టాం,
తెల్లారేసరికి నా రబ్బరు తొడుగు చిరిగింది.
చెల్లని ఓట్ల కుప్పలో ఒకటి దొరికింది.
గుర్తు లేదు. గుండ్రటి చేతిరాత.
"గ్యాస్‌వర్క్స్ వీధి మురుగుకాలవ ఎప్పుడు బాగుచేస్తారు?"
రిటర్నింగ్ ఆఫీసరు ప్లమ్‌రిడ్జ్ కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.
ఎర్రవాళ్ళ ఏజెంటు చదివాడు, నీలంవాళ్ళ ఏజెంటు చదివాడు.
"ఓటరు ఉద్దేశం స్పష్టంగానే ఉంది,
ఆ పేరుతో అభ్యర్థే లేడు" అని
ముద్ర కొట్టేశాడు.

నాలుగేళ్ళకి మళ్ళీ అదే చేతిరాత. ఆ పైసారీ అదే.
గెలుపెవరిదో నాకెందుకు,
కట్ట విప్పగానే దానికోసం వెతికేదాన్ని.
ఒకసారి 'ఎప్పుడు' కింద రెండు గీతలు.
ఒకసారి చివర్లో 'దయచేసి'.
డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో రాలేదు.
అక్టోబరులోనూ రాలేదు.
ఎవరినడగను? రహస్యమని ప్రమాణం చేసి కూర్చున్న బల్ల అది.

తర్వాత ఇద్దరు మనుషులు మ్యాపు పట్టుకుని వచ్చారు.
జనాభా చాలదన్నారు.
సిండర్ లేన్ నడిమధ్య గీత గీశారు,
బేసి నంబర్లు ఇటు, సరి నంబర్లు అటు.
మాంసం కొట్టు ఎగ్బర్ట్ సోల్‌బీకి
కత్తి ఒక నియోజకవర్గంలో, కంచం ఇంకోదాంట్లో.
ఊరు అంగుళం కదల్లేదు. పేరు మాత్రం పార్లమెంటులో లేదు.

టౌన్‌హాలు మెట్ల దగ్గర నల్లకొయ్య బోర్డు ఉంది,
గెలిచినవాళ్ళ పేర్లు బంగారు అక్షరాల్లో.
కింద ఇంకో ఏడు పేర్లకి చోటు వదిలాడు పెయింటరు.
పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళు
తడి కోట్లు దాని ముందే తగిలిస్తారు.

నిన్న వాన పడింది.
గ్యాస్‌వర్క్స్ వీధి దాటేసరికి
నా బూట్లు రెండూ నానిపోయాయి.