ఇతరములు

గరివిడిలో మా కాలేజీ మేడ మీద
నాలుగు పెట్టెలున్నాయి,
నల్ల తార్పాలిన్ కింద, ఇటుకల బరువుతో.
ఆకాశంలోంచి రాలే మ్యువాన్లు
స్లాబులోంచి, బల్లలోంచి, నా అరచేతిలోంచి
అడక్కుండా పోతూ పోతూ
వాటిలో ఓ చిటికె వేసిపోతాయి.
ఆ చిటికెలు లెక్కపెట్టడానికి
తొమ్మిది దేశాల్లో మూడువందల డెబ్భై ఒక్కరం.

ఎదురుపడితే ఒకరినొకరం పోల్చుకోలేం.
బుధవారం సాయంత్రం తెర మీద గళ్ళల్లో కూర్చుంటాం.
"మీ మైకు ఆపి ఉంది" అన్నదే
మేమంతా ఏకగ్రీవంగా తేల్చిన మొదటి సత్యం.
పేపరు అరవై ఒకటో వెర్షన్‌లో ఉంది.
నలభైలో ఎవరో తీసేసిన కామా
యాభై రెండులో ఎవరో మళ్ళీ పెట్టారు.
ఎవరు, ఎన్ని గంటలకు, అన్నీ ఉంటాయి.
ఎందుకో మాత్రం ఉండదు.

నా పని లాగ్‌బుక్కు.
తేదీ, వేళ, పెట్టె నంబరు.
ఏమైంది అన్నచోట నొక్కితే కిందికి జారే జాబితా:
వాన. పిడుగు. కరెంటు పోయింది. మనిషి తప్పు.
ఇతరములు.

రాత్రి కాపలా ఇజ్జిరోతు ఎర్రప్పడిది.
అతనికి పాస్‌వర్డ్ లేదు.
పాత హాజరుపట్టీ తిరగేసి వెనకనుంచి రాస్తాడు:
"మూడో పెట్టి కూత మారినాది. నాను ముట్టనేదు."
"గాలి ఏటో బాగోనేదు."
పొద్దున్నే నేను దాన్ని ఇంగ్లీషు చేస్తాను.
కూతని శబ్దం అంటాను, శబ్దాన్ని దోషం అంటాను,
బాగోనేదుని వదిలేస్తాను.
ఇతరములు నొక్కుతాను.

రెండేళ్ళుగా మూడో పెట్టెలో
కొన్ని తెల్లవారుజాముల్లో లెక్క ఉబ్బేది.
ఎక్కడో మంచుదేశంలో ఇల్సే అనే అమ్మాయి
దానికి మా ఊరి పేరే పెట్టింది:
గరివిడి ఎఫెక్ట్.
థీసిస్‌లో ఐదో అధ్యాయం, పద్దెనిమిది బొమ్మలు.
బస్టాండులో ఇడ్లీలమ్మే మా పిన్నికి చెప్పాను
మనూరు ఇప్పుడో ఎఫెక్టు పిన్నీ అని.
"సెట్నీ ఎయ్యనా" అంది.

మొన్న వానకి రిజిస్టరు తడిస్తే
ఫ్యాను కింద పేజీలు ఆరబెడుతూ
మొదటిసారి వరసగా చదివాను.
"నాలుగ్గంటలకి ఫేట్రీవోలు కొలిమెత్తినారు. లైట్లు మూలిగినాయి."
వారం పోయాక మళ్ళీ: "కొలిమి. మూడో పెట్టి కూత."
తేదీలన్నీ ఇల్సే తేదీలే.
ఆకాశానికి అంటగట్టినదంతా
కొలిమి మింగిన కరెంటు గుటక.

ఒక అధ్యాయాన్ని చంపే ఉత్తరం
ఎన్ని వాక్యాల్లో రాయాలో తెలీక
మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపాను
(అవీ ఎక్కడో వెర్షన్లుగా ఉండే ఉంటాయి).
రెండ్రోజులు జవాబు లేదు.
మూడోరోజు ఒక్క లైను:
ఆ పుస్తకంలో ప్రతి పేజీ కావాలి, అంచులతో సహా.

అంచుల్లో ఏముంది?
బీడీకట్టల బాకీ.
"రేతిరి ఎవులూ రానేదు. సుక్కలు బాగున్నాయి."
ఒకచోట, లెక్కలు ఖాళీగా వదిలిన రాత్రి,
"పాపకి జొరం. ఉన్నాను గాని నేను."
మావైపు లేను అనడానికి నేను అంటాం.
దీన్ని ఇల్సేకి ఎలా చెప్పాలి?
స్కాన్ చేసి ఊరుకున్నాను.

రచయితల జాబితాలో పేరు చేర్చమన్నారు.
మీ సంస్థ ఏది అని అడిగింది ఫారం.
ఎర్రప్పడు చాలాసేపు ఆలోచించి
"మేడ" అన్నాడు.
గడి ఎర్రబడింది, ఒప్పుకోలేదు.

ఈ పొద్దు షిఫ్టు మారేటప్పుడు అడిగాను
రాత్రి ఎలా ఉందని.
తార్పాలిన్ మీద చెయ్యేసి, కాసేపు ఉంచి,
"సల్లగున్నాది" అన్నాడు.
అదే కొట్టాను, మన అక్షరాల్లోనే.
కొన్ని తెరల మీద అవి
ఖాళీ పెట్టెలుగా కనబడతాయట, వరసగా.
కనబడనీ.
ఆ పెట్టెల్లో ఏముందని
బుధవారం ఎవరో ఒకరు
మైకు తెరిచి అడగకపోరు.