శేషం ఆరు

మా అత్త పేచ్చియమ్మాళ్ డ్రమ్మును చూడదు,
వేలి కణుపుతో కొట్టి వింటుంది.
కళ్ళకు పొర కమ్మి మూడేళ్ళయింది.
"నడుం దాటింది" అంటుంది,
లేదంటే "మోకాలికి దిగింది" అని,
డ్రమ్ము ఇంట్లో ఇంకో మనిషైనట్టు.
నేను మూత తీసి చూస్తాను.
ఎప్పుడూ ఆవిడదే గెలుపు.

తూత్తుకుడిలో మా వీధికి లారీ
ఎనిమిది రోజులకోసారి వస్తుంది.
నీలం బిందెలు ఏడు, ఆకుపచ్చవి నాలుగు,
మూతి కాలి వంకరపోయిన నారింజ రంగుది ఒకటి,
ఇత్తడివి రెండు.
మా ఇలంపిరై భాగహారం వీటితోనే నేర్చుకుంది:
పద్నాలుగు బిందెలు, ఎనిమిది రోజులు,
రోజుకొకటి, శేషం ఆరు.
బడిలో టీచరు శేషాన్ని పక్కన పెట్టెయ్యమందట.
పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది.
మా బతుకంతా ఆ పక్కన పెట్టిన ఆరులోనే కదా,
బట్టలూ, చుట్టాలూ, జ్వరాలూ.

బియ్యం మొదటి కడుగు మేకకు, రెండోది పులుసుకు.
కూరలు కడిగినవి గిన్నెలకు,
గిన్నెలవి మునగచెట్టుకు.
గ్లాసు పెదవికి తగలకూడదు, ఎత్తి గొంతులో పోసుకోవాలి;
ఎంగిలి కాకపోతే కడిగే పనే లేదు.
నేను తామ్రపర్ణి ఒడ్డు పిల్లను,
ఏటికి నోరు ఆనించి తాగినదాన్ని.
కొత్తలో పొలమారేది,
సగం నీళ్ళు నా జాకెట్టే తాగేది.
అత్త ఏమీ అనలేదు.
ఆ జాకెట్టును తీసుకెళ్ళి
మునగచెట్టు మొదట్లో పిండింది.

ఒక్క నీళ్ళకే మా ఇంట్లో రెండో జన్మ లేదు:
సుడలై కాళ్ళు కడిగిన నీళ్ళకు.
చీకటుండగానే ఉప్పుమళ్ళకు పోయే మనిషి,
సముద్రాన్ని మడిలో పరిచి
ఎండకు అప్పగించి వస్తాడు.
అక్కడ నీళ్ళు పోతేనే కూలి,
ఇక్కడ పోతే తిట్లు.
మడమ పగుళ్ళలో తెల్లగా ఉప్పు.
ఒకటే చెంబు. ఆ నీళ్ళు వీధిలోకి,
చెట్టుకు ఆమడ దూరంగా.

మొన్న చిత్తిరై నెలలో, అర్ధరాత్రి,
ఎవరూ పిలవని వాన.
అత్తే ముందు విన్నది.
"లేవండ్రా, రేకులు మాట్లాడుతున్నాయి!"
బిందెలు, గంగాళం, ఇడ్లీ పాత్ర,
పిల్ల టిఫిన్ డబ్బా, దాని మూత కూడా వేరుగా,
చూరు కింద వరుస కట్టాయి.
ఒక్కోదానిది ఒక్కో గొంతు,
నిండేకొద్దీ సన్నబడుతోంది.
నేను నవ్వుతూనే ఉన్నాను, తడిసి ముద్దై,
గడపలో ఆయన్ను చూసేదాకా.

ఇరవై రోజులు గీకిన ఉప్పు
ఎక్కడో చీకట్లో కరుగుతుంటే
చెవి ఒగ్గి వింటున్నట్టు కూర్చున్నాడు.
రేపు కూలి లేదు. ఎల్లుండి లేదు.
మడి మళ్ళీ ఎండేదాకా లేదు.
నా చేతిలో నిండిన బిందెను
దించాలో దాచాలో తెలియలేదు,
దొంగసొత్తుతో దొరికిపోయినట్టు.

ఇలంపిరై వేళ్ళు మడుస్తోంది: ఇరవై, ఇరవై ఒకటి...
"అమ్మా, ఈసారి ఎన్ని రోజులతో భాగించాలి?"
ఎవరం చెప్పలేదు.

అత్త తడుముకుంటూ వచ్చింది.
ఇత్తడి బిందె వంచి
కొడుకు కాళ్ళ మీద పోసింది.
బిందెడు. మొత్తం.
వేళ్ళ సందులు రుద్దింది,
వాడికింకా నాలుగేళ్ళే అయినట్టు.
ఆ నీళ్ళు గడప దిగి, వాననీళ్ళలో కలిసి
మునగచెట్టు వైపే పోయాయి.
ఎవరం అడ్డం పడలేదు.

"ఇంకా చూరు కారుతూనే ఉంది,
పులుసు గిన్నె ఎక్కడ చచ్చింది?"
అందావిడ, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ.
ఆయనే లేచి తెచ్చి పెట్టాడు.