నాలుగు పండ్ల బిళ్ళ

సచివాలయంలో నా బల్ల మీద
చెదలు అంచులు కొరికిన ఫీల్డు బుక్కు.
అందులో మనుషుల్లేరు, లింకులే.
"వంక రాయి నుంచి గెనెం దాకా మూడు గొలుసుల నలభై."
పెన్సిలు గీత. పక్కన ఎవరిదో పొట్టి సంతకం,
అరవై ఏడో సంవత్సరం, వేసవి.

నా పని చిన్నది,
లింకును మీటరు చెయ్యడం.
సున్నా పాయింటు రెండు సున్నా ఒకటి ఒకటి ఆరు ఎనిమిది.
ఈ అంకె నా ఫోను నంబరు కన్నా నాకు బాగా వచ్చు.
ఎనిమిదంగుళాలకు రవ్వంత తక్కువ ఒక లింకు,
వంద లింకులొక గొలుసు, పది గొలుసులొక ఫర్లాంగు,
ఎనిమిది ఫర్లాంగులు మైలు.
ఎవడో దొర తన తడినేలకు కుట్టించుకున్న చొక్కా.
మా ఎర్రనేలకు తొడిగినారు,
చేతులు పొట్టివైతే
నేలనే కత్తిరించినారు.

మా జేజికి ఇవేవీ తెలియవు.
చేను పొడుగెంత అంటే "రెండు పాటలు" అనేది.
కలుపు తీస్తా సాలు కొసకు పోయేసరికి
రెండు పాటలు అయిపోతాయని.
దాన్ని మీటర్లు చేసే పట్టిక
ఏ సర్కారూ అచ్చెయ్యలేదు.

నిన్న రోవరు కర్ర నాటి
ఉపగ్రహాలు పలికేదాకా నిలబడ్డాను.
ఒక పక్క బొమ్మయ్య మనవడు,
ఒక పక్క తిప్పేరుద్ర కోడలు.
నడుమ ఎవరూ దున్నని చార,
దాని నిండా సర్కారు కంప.
తెర మీద తేడా: నాలుగు మీటర్ల రెండు సెంటీమీటర్లు.
నేనెప్పుడూ వెనక్కి మార్చను.
నిన్నెందుకో మార్చాను.
ఇరవై లింకులు.
తప్పులు ఇంత గుండ్రంగా ఉండవు.

వన్నూరప్ప ఆ కాలంలో గొలుసు లాగిన మనిషి.
అడిగితే గోనెసంచి తెచ్చి అరుగు మీద కుమ్మరించాడు.
ఆ చప్పుడుకు గంప కింద కోడి లేచింది.
"ఇదో మే, పది లింకులకు ఒంటి పన్ను బిళ్ళ.
ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు పండ్లు.
నడిమధ్య యాభైకి గుండు బిళ్ళ."
ఆ తర్వాత?
"ఆ తర్వాత మళ్ళా నాలుగు, మూడు, రెండు, ఒకటి.
యా కొస పట్టుకున్నా గొలుసు గొలుసే గదా."

నలభైకీ అరవైకీ
బిళ్ళ ఒకటే.

ఆయన బొటనవేలు నాలుగు పండ్ల మీద ఆగింది.
నేనింకేమీ అడగలేదు.
"ఆ పొద్దు ఎండ" అన్నాడు.
కోడి అరుగు చుట్టూ తిరిగి మళ్ళా గంపలో దూరింది.
"సర్వేరయ్య ఎంతరా అని అరిసినాడు. బిళ్ళ ఎత్తి చూపినా.
పండ్లు ఎంచేది నా పని.
యా కొస నుంచి ఎంచేది, అది ఆయన పని."

ఊరి నుంచి ఉరవకొండ కోర్టుకు పదకొండు మైళ్ళు.
పోను రాను ఇరవై రెండు.
గొలుసుల్లోకి మారిస్తే పదిహేడు వందల అరవై,
మైలుకు ఎన్ని గజాలో అన్ని గొలుసులు.
పరీక్షలకు చదివేటప్పుడు
ఈ వింతకు నేను నవ్వుకున్నాను.
వాయిదా వాయిదాకు అంత దూరం,
ఒకే బస్సులో, బొమ్మయ్య ముందు తలుపు దగ్గర,
తిప్పేరుద్ర వెనక చక్రం మీద సీట్లో.
ఎన్ని వాయిదాలో నాకు తెలియదు.
టికెట్లన్నీ కోడలు ట్రంకుపెట్టెలో దాచిందంట,
ఖర్చులు రాబట్టుకోవచ్చని.

"ఇప్పటి లెక్కలో ఎంతమ్మా?"
నాలుగు మీటర్లు తాతా.
ఆయన అరుగు దిగాడు.
గోడ నుంచి నడిచాడు, మడమకు మడమ చూసుకుంటూ.
ఆరడుగులేసి, ఏడోది గాల్లోనే ఆపి
కొళాయి పట్టుకున్నాడు.
చానాసేపు.

మళ్ళా వచ్చి గొలుసు రెండు కొసలూ నా చేతిలో పెట్టి
"దీనికి మొదలు యాదో చెప్పు" అన్నాడు.
తిప్పి చూశాను.
రెండు పిడులూ ఇత్తడివే,
ఒకేలాగ అరిగినాయి.