ఎర్ర తువ్వాలు

పల్లంరాజు మేడ మీద గది వేసినప్పుడు
నాకేం అభ్యంతరం లేదు.
ఇసక లారీ మా గుమ్మం ముందే దింపుకోమన్నాను,
మేస్త్రీలకి మజ్జిగ కూడా ఇచ్చాను.
పడమటి గోడలో చదరంగా ఖాళీ వదిలితే
అలమర కాబోలు అనుకున్నాను.
చువ్వలు బిగించాక తెలిసింది, కిటికీ అని.
సరిగ్గా నా పెరటి మీదికి.

గోడలకి చెవులుంటాయని మా అమ్మ చెప్పింది గాని
కళ్ళ సంగతి చెప్పలేదు.

పెరడంటే ఏముంది నాకు.
రెండు అరటి పిలకలు, ఓ బొప్పాయి,
బోరింగు పక్కన కంద, కాలవ గట్టు దాకా గడ్డి.
బట్టలారేసే తీగ ఒకటి.
ఆ తీగ దగ్గరే తగువంతా.

కొబ్బరిమట్టల దడి ఇంకో మూర లేపించాను,
వాళ్ళకి గాలాడటం లేదన్నారు.
కడియం నుంచి ఆకుపచ్చ వల తెచ్చి కట్టాను,
నర్సరీల్లో నారుకి కప్పుతారే, అది.
తుపాను గాలికి ఎగిరి వాళ్ళ డిష్షుకి చుట్టుకుంది.
సీరియలు పోయిందని పల్లంరాజు పెళ్ళాం
లాకుల దాకా వినబడేలా తిట్టింది.
మా మునగ కొమ్మ అటువైపు జానెడు వంగితే
తెల్లారేసరికి లేదు. కాయలతో సహా.

సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు.
హద్దు రాయి కొబ్బరి మొదట్లో దొరికింది,
అంగుళం తేడా లేదన్నాడు.
మరి చూపుకి హద్దెక్కడండీ అనడిగాను.
టీ తాగి వెళ్ళిపోయాడు.

పంచాయతీ ఆఫీసులో ఓ పెద్దమనిషి
"ఏభై దాటినదానివి, నిన్నింకెవరు చూస్తారమ్మా" అన్నాడు.
పల్లంరాజు కూడా తల వంచుకున్నాడు, పాపం.

కాకినాడ ఆసుపత్రిలో ఒక వైపు వదిలేసి వచ్చానని,
ఖాళీ అయిన జాకెట్టులోకి నేనే ఒకటి కుట్టుకున్నానని,
బూరుగు దూది, మధ్యలో గుప్పెడు ఆవాలు
(బరువు సరిపోవాలి కదా, లేకపోతే భుజం ఒరిగిపోతుంది),
వానాకాలం అది చెమ్మ పట్టి వాసనేస్తుందని,
ఎండ ఏ పూట వస్తే ఆ పూట తీగ మీద వెయ్యాలని
ఆ బల్ల ముందు నిలబడి ఎలా చెప్పను.
లేచి వచ్చేశాను.

ఆ కిటికీ వెనక ఎవరున్నారని అడగడం
నాకూ తోచలేదు, ఎనిమిది నెలలు.

కార్తీకంలో ఓ మధ్యాహ్నం పైనుంచి గొంతు:
"అమ్మాయ్, నీ బొప్పాయి పండింది,
కాకి పొడుస్తోంది చూడు."
గంటాలమ్మ గారు. పల్లంరాజు తల్లి.
తుంటి విరిగింది. కింద గదిలోకి వరద నీళ్ళొస్తాయని
మంచంతో సహా పైకెక్కించారు,
మళ్ళీ దించలేదు.

పండు కోసి పట్టుకెళ్ళాను.
మొదటిసారి అక్కణ్ణుంచి చూశాను నా పెరడు.
ఎంత చిన్నదో.
తీగ మీద ఆ తెల్లటి ముద్ద పిచ్చుకంత ఉంది.
"అదేంటో నాకు మొదటి రోజే తెలుసు" అంది ముసలావిడ.
"ఆవాలు వేయించి పొయ్యవే,
లేకపోతే మొలకెత్తుతాయి."

కోపం తెచ్చుకుందామనుకున్నాను.
నవ్వొచ్చేసింది, మందులు కుట్టిన కడుపు పట్టుకుని.

కిటికీ మూస్తే చచ్చిపోతానంది.
తీసుంటే నేను బతకలేనన్నాను.
కాసేపు ఇద్దరం బొప్పాయి తిన్నాం.
తర్వాత ఆవిడే పాత చీర చింపించి తెర కట్టించింది,
దాని తాడు మంచం కోడుకి.
నేను తీగ మీద ఎర్ర తువ్వాలు వేస్తే
ఆవిడ తాడు వదులుతుంది.
పల్లంరాజుకి ఇంకా తెలీదు.
మునగ కొమ్మ సంగతి నేనూ మరిచిపోలేదు,
ఆ లెక్క వేరు.

ఒక్కోరోజు ఎండిపోయినా
తువ్వాలు తియ్యడం మరిచిపోతాను.
తెర వెనక నుంచి ఒక దగ్గు.
కాసేపాగి ఇంకోటి, కొంచెం గట్టిగా.

వస్తున్నా, వస్తున్నా.