నేనుకు

ఏడు రోడ్ల కాడ, మేడమీది గదిలో
పెండ్లి పత్రికలకూ బోరుబావి కరపత్రాలకూ నడుమ
చెన్నకేశవ డాక్టరు నవల టైపు చేస్తాండా.
ముప్పై ఏండ్లు కడపలో మనసు జబ్బులు చూసిన మనిషి,
ఇప్పుడు కాగితాల మీద
ఒక్క ఆడమనిషినే ముక్కలు ముక్కలు చేసి
ఏ ముక్క కాడా నిలవడు.

పదో అధ్యాయంలో చచ్చిపోయిన ఆమె
పన్నెండులో బుగ్గవంక దాటి వంకాయలు బేరమాడతాది.
తప్పు పడింది సార్, అంటే
"తప్పు గాదమ్మా, మనిషంటేనే అంత" అంటాడు
కారం దోసె తిన్న వేళ్లు పంచెకు తుడుచుకుంటా.

నిన్న పొద్దున ఫోను:
"దూరంగా కూచోని రాసినా, డాక్టరు బుద్ధి పోలా.
ఆమె అని ఉన్న చోటంతా నేను అని పెట్టు."

వెతుకు. మార్చు. ఒక్క నొక్కు.
ఆరువందల పద్నాలుగు చోట్ల
ఆమె లేచిపోయి
నేను వచ్చి కూచునింది.

కూచునింది గానీ ఇమడలా.
నేనుకు ఆకలైంది.
నేనును ఆస్పత్రి వరండాలో వదిలిపెట్టి పోయినారు.
నేను కిటికీ కాడ నిలబడి ఏడ్చింది.

దిద్దుకుంటా పోయినా, నేనుకు కాదు, నాకు.
ఒకరితో కలవాలన్నా, ఒకరికి ఏమన్నా కావాలన్నా
నేను నిండుగా ఉండలేదు,
విరిగి నా అయితాది.
ఈ సంగతి బడిలో ఏ అయ్యోరూ చెప్పలా.

దర్గాకు మొక్కితే పుట్టినానని దస్తగిరమ్మ.
బడి కాగితంలో డి. గిరమ్మ.
ఆ పేరు పూజగదిలో పలకదని
అత్త పెట్టింది గిరిజ.
ఓటు కార్డులో దస్తగిరి, మొగోడు,
ఆయప్ప ఓటు గుడక నేనే ఏస్తా.

పెండ్లయిన నెలకు
గిరిజా, గిరిజా, అని ఎవరో అరుస్తాంటే
ఎవురబ్బా ఈ గిరిజ, పలకదేమి, అనుకుంటా
అన్నం గిన్నె ముందర నిలబడినా.
నిలబడింది నేనే.
ఏడ్చింది మాత్రం ఎవురో.

అందుకే ఆ ఒక్క వాక్యం దిద్దలా.

ప్రూఫు తిరిగొచ్చింది.
దాని చుట్టూ ఎర్ర సిరా సున్నా,
పక్కన డాక్టరు గొలుసు రాత:
"ఇది ఎవరు రాసినారు?"

జవాబు పంపలా.
బిల్లు పంపినా, పేజీకి పద్దెనిమిది రూపాయల లెక్కన.
ఆ పేజీ ఒక్కటి లెక్కలో కలపలా.