కారణం అనే గడి

తాడిపత్రి బస్టాండు, రెండో ప్లాట్‌ఫారం.
రసీదు పుస్తకం నా చేతిలో,
కార్బను మసి నా వేళ్ళకు.
పొద్దు మునిగేలోపల నలభై రాయాల, సారు లెక్క.
ముప్పైయారు అయినాయి.

ఆ నెలంతా నాకు మనుషులు లేరు, మూతులే.
గడ్డం కింద గుడ్డకు ఊయలేసినోళ్ళు,
హోంగార్డు వస్తాందిరా అంటానే పైకి లాక్కునేటోళ్ళు,
ఒకే గుడ్డ వంతులేసుకొని
సోడాబండి కాడికి పోయొచ్చే ఆటో పిల్లోళ్ళు,
కొంగు పంటితో పట్టుకొని
"ఇది చాలదా మా" అనే టమాటాల సుంకులమ్మ.
చాలదని చెప్పేదానికి నోరు రాలే.
ఆమెకు ఆ పొద్దు బేరమే అరవై.

పదిగంటలప్పుడు లీడరు జీపు వచ్చె.
వెనక ముప్పై బండ్లు, పూలదండలు,
ఒక్క మూతికీ గుడ్డ లేదు.
సారు సెల్యూటు కొట్టె.
నేను రేకుల్లో పిచ్చుకగూడు చూస్తా నిలబడితి.
మినహాయింపంటే ఏందో
నాకు ఇంక ఎవురూ చెప్పే పని లేకపాయ.

ముప్పైయేడో మనిషి వన్నూరప్ప.
బెంచీ కొసన, మోకాళ్ళ మింద చేతులానించి,
చెరువు గట్టెక్కినోని మాదిరి కూచోనుండాడు.
"గుడ్డ యాడప్పా?"
జోబీలోంచి తీసినాడు. ఉతికి, నాలుగు మడతలేసి ఉండాది.
"ఉండాది తల్లీ... కట్టుకుంటే... లోపలికి రాదు."
ఆ ఒక్క మాటకి రెండుసార్లు ఆగినాడు.

పక్కనున్నామె సంచి తీసుకొని లేచిపాయ.
కళ్ళద్దాల సారొకాయన
"ఇట్లాంటోళ్ళతోనే ఊరంతా అంటుకునేది, రాయమ్మా" అనె.
ఇంకెవురో, "నాటకాలు."

డాక్టరు చీటీ అడిగితి. అడగాల్సిందే కదా.
సంచిలోంచి ఎక్సరే తీసి
రేకుల సందు ఎండకు పట్టినాడు.
నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా,
పిండి జల్లించినట్టు.

"ఇరవై ఎనిమిదేండ్లు బండలు కోసినా.
నీళ్ళుంటే తడికోత.
ఎండాకాలం నీళ్ళేవి, ఎండుకోతే.
ఇంటికి పోతే నా కొడుకు
బూడిదోడు వచ్చినాడని ఏడ్చేటోడు.
ఆ పొద్దు మూతికి గుడ్డ కట్టుకోమని,
కట్టుకోకుంటే వంద అని
ఒక్కరన్నా అనింటే..."
మిగిలిన మాటను దగ్గు మింగె.
కాసేపటికి,
"టీబీ అని రాసిరి. రెండు తూర్లు ఆరార్నెల్లు మాత్రలు తింటి.
రాయి అని ఎవురూ రాయలే."

నేను రాసినా.
దాచేదేముంది, ముప్పైయేడు.

యాభై నోటొకటి, పదులు మూడు, తక్కింది చిల్లర లెక్కబెట్టి
చేతిలో పోసినాడు.
రసీదు దూరంగా పెట్టి చదివినాడు.
"కారణం అని గడుండాదే. ఖాళీ పెట్టినావు."
"దాంట్లో ఎవురూ రాయరప్పా."
"నువ్వు రాయి తల్లీ.
రాయి అని రాయి."

నాకు ఆ మాట అర్థమయ్యేదానికి
అనంతపురం బస్సు వచ్చి, మనుషుల్ని దింపి, పాయ.
పెన్ను గట్టిగా ఒత్తి, కార్బను కిందకు దిగేటట్టు రాసినా:
బండల దుమ్ము. ఊపిరాడదు.
కింద నా సంతకం. సీలు సారు కాడ ఉండాది.
జోబీలో పెట్టుకోలే ఆయప్ప.
ఎక్సరే కవర్లో, ఎక్సరేకు ఆనించి పెట్టుకున్యాడు.
"గవర్మెంటు కాయితంలో
నా పేరూ దుమ్మూ ఒక్కచోట పడింది ఇదే."
నవ్వినాడో ఏమో, ఊపిరి సరిపోలే.

ముప్పైయెనిమిది. తొమ్మిది. నలభై.
పుస్తకం మూసినాక
కళ్ళద్దాల సారు గుడ్డ కిందికి దించి
స్తంభం పక్కన వక్కాకు ఉమ్మె.
నా లెక్క అయిపోయింది.

రాత్రి ఇంటికి పోయి, మొగానికి గుడ్డ విప్పి
నేల తుడుస్తాంటి.
మా ఇంట్లో పరిచింది గూడా ఊరి నల్లబండే.
అద్దం మాదిరుందని మా నాయన మురిసి కొనింది.
తడి ఆరేదాకా వంగి చూస్తానే ఉంటి,
ఎవురు కోసిందో,
తడికోతో, ఎండుకోతో.