పొంగు

దిగబడితే తెలుసు మాకు.
జాకీ ఎత్తి, పట్టా లేపి, కంకర కుక్కి
చాయ తాగి ఇంటికి పోతం.
పైకి లేస్తే ఏం జెయ్యాలె?

విష్ణుపురం దాటినంక కటింగుల
బండ తేలిందని కాంట్రాక్టరు కొబ్బరికాయ కొట్టిండట.
నల్లటి బండ, పలుకలు పలుకలు,
సమ్మెట పడితే గణగణమన్నదట.
"ఇగ పునాదెందుకు, ఏనుగుల మంద నడిచినా కదలదు" అన్నడట.
నిజమే.
ఎండకాలమంత కదల్లేదు.

రమావత్ లచ్చిరాంను. కీమ్యాన్‌ను. ఇరవయ్యొక్క ఏండ్లు.
సుత్తె భుజానేసుకొని పొద్దుగాల ఆరు కిలోమీటర్లు
కీలు కొట్టుకుంట పోత, కొట్టుకుంట వస్త.
పట్టా అరంగుళం ఎక్కినా
లెవలు కన్న ముందు నా మోకాలు చెప్తది.
ఆశ్లేషల ముసురు పట్టిన నాలుగో దినం
మోరీ కాడ చెప్పింది.

ఇంజనీరమ్మ వచ్చింది, సువర్చల మేడం.
ఆ బండ పెళ్ళ ఒకటి ఇరిచి
నా స్టీలు గిలాసల నీళ్ళల్ల ఏసింది.
చాయ మరిగే లోపల సన్నటి బుడగలు.
పొరకు పొర ఇడిసి
తడిసిన పాసుబుక్కు లెక్క ఉబ్బింది.
పొద్దుమీకి గిలాసల బురద.

"మొదలు ఇది బురదనే లచ్చిరాం.
కోట్ల ఏండ్ల బరువు కింద గట్టిపడ్డది.
మనం బరువు తవ్వేసినం,
మల్ల ఎవరో నీళ్ళిచ్చిన్రు.
ఎక్కడివి ఈ నీళ్ళు?"

నేను నా చెప్పుల దిక్కు చూసిన.

కటింగు పైన రెండెకరాలు.
అదీ పట్టానే, మా అయ్య పేరు మీద.
సాగర్ ఎడమ కాల్వ తూము నీళ్ళు,
నాటేసి పద్దెనిమిది దినాలు.
ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క ఒకటి.
అది నాకెరికే.

ఆ రాత్రి సిమెంటు గూడ్సు
ఇరవై స్పీడు బోర్డు కాడ
ముసలి ఎద్దు వాగు దాటినట్టు పోయింది.
ఒక్కొక్క డబ్బా లెక్కబెట్టుకుంట
నేను పైన ఒడ్డు మీద, చేతిల పార.
బొక్క పూడ్చిన.
కటింగు దిక్కు మడి రెండు గజాలు ఎండబెట్టిన.
"పిచ్చి లేసిందా నీకు" అన్నది చాందీ.
చెప్పలే.

మూడు బస్తాల వడ్లు తగ్గినయ్.
బండ తగ్గలే.
ఉబ్బింది అంత జల్ది దిగదట, మేడం అన్నది.
స్కేలు పెడితే ఇంకా
అగ్గిపుల్ల మందం లేసే ఉన్నది.

రోజూ మోరీ కాడ ఒక్క నిమిషం ఆగుత.
వంగి చెయ్యి పెట్టి చూస్త.
సల్లగ, పొడిగ, ఏమెరగనట్టు.
తాండ దిక్కు మబ్బు లేస్తే చాందీ మొకం ఇప్పారుతది.
నేను మోకాలు తడుముకుంట.